గడప దగ్గర ఆగి పిలవండి

మిర్యాలగూడలో నేను పెరిగిన వీధిలో పగటిపూట ఏ ఇంటికీ తలుపు వేసేవారు కాదు. తలుపు తెరిచే ఉంది కదా అని ఎవరూ నేరుగా లోపలికి నడిచేవారూ కాదు. గడప దగ్గర ఆగి, "ఎవరున్నరింట్ల?" అని ఒక్క పిలుపు పిలిచేవారు. లోపలి నుంచి "రా వదినా" అనో, "రాండ్రి బావా" అనో జవాబు వచ్చాకే చెప్పులు విడిచేవారు. చెంబుతో నీళ్లిస్తే కాళ్లు కడుక్కుని, చూపించిన చోట కూర్చునేవారు. వంటింట్లోకి, దేవుడి గదిలోకి పిలవనిదే పోయేవారు కాదు. లేచేటప్పుడు "పోతున్న" అనకుండా "పోయొస్త" అనేవారు. ఇవేవీ మనం బడిలో నేర్చుకోలేదు. అమ్మ కొంగు పట్టుకుని చుట్టాల ఇళ్లకు తిరుగుతూ నేర్చుకున్నాం.

అంత బాగా ఒంటబట్టిన మర్యాదను ఒకరోజు నేను పూర్తిగా మరిచిపోయాను. చాలా ఏళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మిత్రులతో కలిసి నల్లమలకు వెళ్లాను. దారి పక్కన ఒక పెంట, అంటే చెంచుల చిన్న పల్లె, కనిపించింది. గుడిసె ముందు ఒక పెద్దావిడ ఇప్పపువ్వు ఆరబోస్తోంది. వెలుతురు బాగుందని కారు దిగి, వాకిట్లోకి నడిచి, కెమెరా ఎత్తి నాలుగు ఫోటోలు తీశాను. ఆరబోసిన పువ్వు కొంత నా చెప్పుల కింద నలిగింది. ఆమె తలెత్తి చూసింది. ముఖంలో కోపం లేదు. "ఎవరింటికొచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. "అడవి చూద్దామని వచ్చాం" అన్నాను. ఆ మాట నా చెవికే పొసగలేదు. నేను నిలబడిన చోటు ఆమె వాకిలి. నాకు మాత్రం అది చూడటానికి వచ్చిన అడవిలో ఒక భాగంలా కనిపించింది.

ప్రయాణాల్లో మనం చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. చెక్‌పోస్టు దగ్గర రుసుము కట్టి రసీదు జేబులో పెట్టుకోగానే ఆ చోటును కొనుక్కున్నంత ధీమా వస్తుంది. టికెట్టు గేటు తెరిపిస్తుంది, అంతే. లోపలున్నది ఎవరో ఒకరి ఇల్లయితే, అక్కడ మన నడక చుట్టం నడకలా ఉండాలి. ఈ ఒక్క మాట పట్టుబడితే ఊరి పక్క అడవికి వెళ్లినా, సముద్రాల అవతలి ఉద్యానానికి వెళ్లినా ఎలా మెలగాలో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ముందు, అది ఎవరి ఇల్లో తెలుసుకోండి

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ వైపు వాళ్లందరికీ నరసింహస్వామి దగ్గరి దేవుడు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు వాళ్లు కృష్ణ ఒడ్డున ఉన్న మట్టపల్లికి పోతారు. మిర్యాలగూడ వాళ్లు మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లికి పోతారు. ఆ స్వామి మనసుపడి పెళ్లాడిన చెంచులక్ష్మి పుట్టిల్లు నల్లమల. అల్లుడి గుడికి ఏటా వెళ్తూ, అత్తవారి ఊరేదో ఒక్కసారీ అడగని వాళ్లం మనం.

స్వామి మాత్రం మరిచిపోలేదు. నల్లమలలోని అహోబిలంలో ఏటా కనుమ నాడు పారువేట మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో బయల్దేరి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతారు. తన కల్యాణానికి అత్తింటివారైన చెంచులను స్వయంగా పిలవడానికే స్వామి ఇలా బయల్దేరతాడని అక్కడి వాళ్ల నమ్మకం. దేవుడంతటివాడు పిలుపు కోసం గడప గడపకూ వెళ్తుంటే, మనం పిలవకుండా వాకిట్లోకి నడవడం ఏం మర్యాద?

నల్లమలలోనే సలేశ్వరం ఉంది. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు మాత్రమే అక్కడికి దారి తెరుస్తారు. రాళ్లూ ముళ్లూ దాటి, లోయలోకి దిగి, జలధార పక్కనున్న లింగమయ్యను చూసి వస్తారు. అక్కడ పూజారులు చెంచులే. వెళ్లే జనం దారి పొడవునా "వస్తున్నం లింగమయ్యా" అని కేకలు వేస్తారు. తిరిగొచ్చేటప్పుడు "పోయొస్తం లింగమయ్యా" అంటారు. గడప దగ్గరి ఆ పాత పిలుపే అడవి దారిలో ఇలా గొంతెత్తింది.

సూర్యాపేట వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ దురాజ్‌పల్లి పెద్దగట్టు. రెండేళ్లకోసారి లింగమంతుల జాతరకు లక్షల మంది గట్టెక్కుతారు. ఎంతమంది వచ్చినా కేసారం నుంచి దేవరపెట్టె రావాల్సిందే. ఆచారం ప్రకారం క్రతువులు జరిపేది వంశపారంపర్యంగా హక్కున్న యాదవ కుటుంబాలు. "నేనూ బండి కట్టుకుని వచ్చాను, పెట్టె నేనే ఎత్తుకుంటాను" అని ఏ భక్తుడూ అనడు. గట్టు మీదికి అందరూ రావచ్చు. ఆ గట్టుకు పెద్దలు వేరే ఉన్నారు. ఈ తేడా తెలిసిన సూర్యాపేట మనిషికి, ఏ ఆదివాసీ నేల మీదైనా ఎలా నడవాలో సగం తెలిసినట్టే.

పట్టాదారు ఎవరు, కౌలుదారు ఎవరు?

ఇవాళ మన ఊళ్లలో పిల్లలు ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ ఇళ్లు చాలా ఉన్నాయి. కొడుకునో కూతురినో చూడటానికి సిడ్నీ వెళ్లిన అమ్మానాన్నలను సెలవు రోజున సముద్రం ఒడ్డుకు తీసుకెళ్తారు. సిడ్నీకి దక్షిణంగా సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో, జెర్విస్ బే అనే అఖాతం పక్కన బూడరీ జాతీయ ఉద్యానం ఉంది. తెల్లటి మెత్తటి ఇసుక, ఒడ్డుదాకా దిగివచ్చిన యూకలిప్టస్ అడవి, వాళ్ల చలికాలంలో దూరాన నీళ్లు చిమ్ముతూ సాగే తిమింగలాలు, సాయంత్రం పచ్చిక మీదికి వచ్చే కంగారూలు. బూడరీ అంటే అక్కడి ధుర్గా భాషలో చేపలు పుష్కలంగా దొరికే చోటు అని అర్థం.

ఆ నేల రెక్ బే ఆదివాసీ సమాజానిది. మాటవరసకు అంటున్నది కాదు, కాగితం మీద కూడా వారిదే. జెర్విస్ బే ప్రాంతంలోని ఆదివాసీలకు భూమి అప్పగించడానికి 1986లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. ఉద్యానం భూమి హక్కు 1995లో రెక్ బే సమాజానికి దక్కింది. వారు దాన్ని తిరిగి కేంద్ర ప్రభుత్వ జాతీయ ఉద్యానాల విభాగానికి కౌలుకిచ్చారు. నిర్వహణ బోర్డులో ఎక్కువమంది ఆదివాసీలే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో పుట్టిన మనకు పట్టాదారుకూ కౌలుదారుకూ ఉన్న తేడా ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. బూడరీలో కౌలుదారు ప్రభుత్వం, పట్టాదారు ఆదివాసీ.

ఈ హక్కు ఊరికే రాలేదు. ఆంగ్లేయులు ఆ ఖండంలో అడుగుపెట్టినప్పుడు అది ఎవరిదీ కాని నేల అన్నట్టుగా వ్యవహరించారు. వేల ఏళ్లుగా అక్కడ బతికినవారిని లెక్కలోకే తీసుకోలేదు. టోరెస్ జలసంధి దీవుల వాడైన ఎడీ మాబో, ఆయన తోటివారు కోర్టులో పదేళ్లు పోరాడాక, 1992 జూన్ 3న ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం ఆ వాదాన్ని కొట్టేసింది. తీర్పు వచ్చేనాటికి మాబో బతికి లేడు. పిల్లలతో బూడరీ ఇసుకలో కూర్చున్నప్పుడు ఈ సంగతి రెండు మాటల్లో చెప్పండి. సముద్రం ఎలాగూ చూస్తారు. ఇది కూడా తెలిస్తే ఇంటికి ఒక జ్ఞాపకంతో పాటు ఒక జ్ఞానం తెచ్చుకుంటారు.

ఆ ఉద్యానంలోనే కేప్ సెయింట్ జార్జ్ దీపస్తంభం శిథిలాలు ఉన్నాయి. 1860లో దీపం వెలిగించారు. ఓడలకు సరిగా కనిపించే చోటు వదిలేసి, రాయి తవ్వుకోవడానికి వీలైన చోట కట్టారు. దాని వల్ల మేలుకన్నా ప్రమాదమే ఎక్కువైంది. కట్టేవాడి సౌకర్యం చూసి పెట్టిన దీపం దారి చూపదు. కొత్త చోట మన వీలు ముందు, ఆ చోటి తీరు తర్వాత అనుకునే ప్రతిసారీ ఆ రాళ్లను తలుచుకోవడం మంచిది.

కాగితం లేని ఇల్లు

మన నల్లమలలో కాగితం వేరుగా ఉంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లలో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం రిజర్వు అడవి. నిర్వహించేది అటవీ శాఖ. గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, బంక ఏరుకుని తరతరాలుగా అక్కడ బతుకుతున్న చెంచులకు బూడరీ తరహా యాజమాన్యం లేదు. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో వారి మధ్య ఉండి చూసి, 1943లో వారి జీవితం మీద పెద్ద పుస్తకం వేశారు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం సాగు భూమి మీద, అటవీ ఫలసాయం మీద వారి హక్కులను గుర్తించింది. చెంచుల వంటి ఆదిమ సమూహాలకు మొత్తం ఆవాస ప్రాంతం మీద హక్కు అడిగే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. పులుల రక్షణ కోసం పెంటలను తరలించాలన్న మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

ఆ చర్చ ఎటు తేలినా మన నడవడిక మారకూడదు. మేనత్త అద్దె ఇంట్లో ఉందని ఆమె గడప దగ్గర ఆగకుండా పోతామా? పట్టా ఉన్న ఇంటికి ఒక మర్యాద, లేని ఇంటికి ఇంకో మర్యాద మన పెద్దలు నేర్పలేదు.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు: బయల్దేరే ముందు. చుట్టాల ఇంటికి వెళ్లే ముందు కబురు పంపుతాం. ఇక్కడ కబురు అంటే సమాచారం కనుక్కోవడం. మిర్యాలగూడ నుంచైనా, సూర్యాపేట నుంచి నల్లగొండ మీదుగానైనా దేవరకొండ, డిండి దాటితే నల్లమల మొదట్లోని మన్ననూరు వస్తుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అడవి దారిలో వాహనాలను వదలరు. అది జంతువులు రోడ్డు దాటే వేళ. దాన్ని అడ్డంకి అనుకోకుండా ఆ ఇంటివాళ్లు తమ వాకిట్లో తిరిగే వేళ అనుకోండి. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు వరకు సఫారీ ఉండదు. బూడరీకైతే ప్రవేశ పాసు, ఉండదలచుకుంటే గుడారం వేసుకునే చోటు ముందే తీసుకోవాలి. సెలవుల్లో అవి త్వరగా నిండిపోతాయి. కుక్కనో పిల్లినో వెంట తీసుకెళ్లనివ్వరు. ఎండలు ముదిరిన రోజుల్లో నిప్పు రాజేయడం మీద నిషేధం ఉందేమో ఆ ఉదయమే చూసుకోవాలి. వీటితో పాటు ఒక అరగంట కూర్చుని ఆ నేల మనుషుల గురించి చదవండి. ఈ అరగంటతోనే మీ ప్రయాణం మారిపోతుంది.

రెండో మెట్టు: గడప దగ్గర. నల్లమలలో ఫరహాబాద్ సఫారీకి వెళ్తే మీతో వచ్చే గైడు చెంచు యువకుడే కావచ్చు. మొదట అతని పేరు అడగండి, మీ పేరు చెప్పండి. "ఏయ్, పులి ఎక్కడ?" అని మొదలుపెట్టే వారితో అతను రోజంతా ఏం మాట్లాడతాడు? అన్నా, తమ్ముడూ, పెద్దమ్మా అని వరస కలపడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆస్ట్రేలియా ఆదివాసీలు కూడా తమ పెద్దలను గౌరవంగా ఆంటీ, అంకుల్ అని పిలుచుకుంటారు. వారి అనుమతి దొరికాక మీరూ అలాగే పిలవవచ్చు. వరస పెట్టి పిలిచే అలవాటు ఉన్న జాతులు ఒకరికొకరు త్వరగా అర్థమవుతారు. ఇక ఫోటో. ముందు మాట, తర్వాత అనుమతి, ఆ తర్వాతే కెమెరా. వద్దంటే నవ్వి ఊరుకోండి. పసిపిల్లల ఫోటో అయితే తల్లిని అడగండి.

మూడో మెట్టు: లోపల ఉన్నంతసేపు. ఇంటివాళ్లు వద్దన్న గదిలోకి పోకపోవడమే ఇక్కడి నియమం. మధ్య ఆస్ట్రేలియాలో ఉలురు అనే మహాశిల ఉంది. 1985 అక్టోబరు 26న ఆ భూమిని అనంగు ఆదివాసీలకు తిరిగి అప్పగించారు. దయచేసి ఎక్కవద్దు, ఇది మాకు పవిత్రం అని వారు దశాబ్దాలుగా అడిగారు. నిషేధం లేదు కదా అని ఎక్కినవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. చివరికి 2019 అక్టోబరు 26న ఎక్కడాన్ని పూర్తిగా ఆపేశారు. చుట్టానికి "దయచేసి" అన్న మాట చాలు. జరిమానా బోర్డు పెట్టాల్సి వచ్చిందంటే మనం అప్పటికే పరాయివాళ్లమయ్యాం.

బూడరీలో గవ్వలూ రాళ్లూ ఏరుకుని సంచిలో వేసుకోవద్దు. అక్కడక్కడ కనిపించే పాత ఆల్చిప్పల కుప్పలు వారి పూర్వీకులు తిని కూర్చున్న చోటుకు గుర్తులు. వాటిని కదపకూడదు. పక్షులకు, కంగారూలకు తిండి పెట్టకూడదు. శ్రీశైలం దారిలో కోతులకు అరటిపండ్లు విసరడం కూడా ఇలాంటిదే. పుణ్యం అనుకుని చేస్తాం. తిండి కోసం రోడ్డుకు అలవాటుపడ్డ కోతి బండి కింద పడుతుంది. నీళ్ల సీసా, గుట్కా పొట్లం, చిప్స్ కవరు ఎక్కడివి అక్కడే పారేయకుండా కారులో ఒక సంచి పెట్టుకుని ఇంటిదాకా తెచ్చుకోండి. ఎండాకాలంలో ఒక్క సిగరెట్ ముక్క కొండంతా కాల్చగలదు. పెద్ద శబ్దంతో పాటలు పెట్టకండి. కారు అద్దం దించి పిల్లలకు చాక్లెట్లు విసరకండి. వారు బిడ్డలు, చేయి చాచడం మనమే నేర్పుతున్నాం.

చెంచుల నుంచి ఒక పాఠం ఇక్కడే చెప్పాలి. కొండ చరియకు పట్టిన తేనెపట్టు కోసం మనిషి తాడు పట్టుకుని లోయలోకి దిగుతాడు. పైన తాడును కాచేది భార్య తోడబుట్టినవాడు. తన తోబుట్టువు బతుకు ఆ తాడుకు వేలాడుతోందని తెలిసినవాడి పిడికిలి సడలదు. అడవిని కాపాడేది కూడా ఇలాంటి చుట్టరికమే. మనం కూడా ఆ తాడుకు ఒక చేయి వేయాలంటే ముందు చుట్టాలం కావాలి.

నాలుగో మెట్టు: తిరిగి వచ్చేటప్పుడు. తేనెనో, ఇప్పపువ్వునో వారి దగ్గరే కొనండి. గిరిజన సహకార సంస్థ దుకాణంలోనైనా కొనండి. చెట్టెక్కి, కొండ దిగి తెచ్చిన దానికి బేరమాడకండి. బూడరీలో ఆదివాసీలు నడిపించే నడకలు ఉన్న రోజు వెళ్తే డబ్బు కట్టి అందులో చేరండి. బూడరీలోనే ఒక వృక్షశాస్త్ర ఉద్యానం కూడా ఉంది. ఆస్ట్రేలియాలో ఆదివాసీల సొంతమైన వృక్షశాస్త్ర ఉద్యానం అదొక్కటే. ఏ ఆకు కూరకు, ఏ బెరడు మందుకు పనికొస్తుందో అక్కడ తెలుస్తుంది. మన నానమ్మలు తంగేడు, ఉత్తరేణి గురించి చెప్పినవన్నీ గుర్తొస్తాయి. ఇంటికొచ్చాక చెప్పే మాట కూడా మర్యాదలో భాగమే. "అడవి మనుషులను చూసొచ్చాం" అనకండి. వారు చూడటానికి పెట్టిన వస్తువులు కారు. ఎవరిని కలిశారు, ఏం నేర్చుకున్నారు, అది చెప్పండి.

ఈ వారం చేయాల్సిన మూడు పనులు

ఒకటి. మీ ఫోన్‌లో ఉన్న పాత ప్రయాణాల ఫోటోలు తీసి చూడండి. ముక్కూ మొహం తెలియని వాళ్లవి ఎన్ని ఉన్నాయి? వాటిలో అడిగి తీసినవి ఎన్ని? అడగకుండా తీసిన ఒక్క ఫోటో ఎంచుకుని, ఆ మనిషి మీ వాకిట్లోకి వచ్చి మీ అమ్మ ఫోటో అలాగే తీస్తే ఎలా ఉంటుందో ఒక పేజీ రాయండి.

రెండు. తర్వాత వెళ్లాలనుకుంటున్న చోటు పేరు కాగితం మీద రాయండి. దాని కింద, మనకన్నా ముందు నుంచి అక్కడ ఉన్నవారి పేరు రాయండి. తెలియకపోతే తెలుసుకునేదాకా టికెట్టు కొనకండి.

మూడు. పిల్లలను కాలువ గట్టు వెంట నడకకు తీసుకెళ్లండి. ఎవరి చేనులోనైనా జామకాయ కనబడితే కోయనివ్వకండి. రైతును పిలిచి అడగమనండి. అడిగి తిన్న కాయ రుచి వారికి జీవితాంతం గుర్తుంటుంది.

తర్వాతి ఏడాది ఇప్పపువ్వు రాలే రోజుల్లో నేను మళ్లీ ఆ పెంటకు వెళ్లాను. కడిగించిన ఫోటో సంచిలో ఉంది. ఈసారి కారు దూరంగా ఆపి నడిచాను. గుడిసె ముందు గడప అంటూ ఏమీ లేదు, పేడతో అలికిన నేల మాత్రం ఉంది. ఆ అలుకు మొదలయ్యే చోట ఆగి, మా వీధిలో నేర్చుకున్నట్టే పిలిచాను: "ఎవరున్నరింట్ల?" లోపలి నుంచి ఆ గొంతే వినిపించింది. "రా బిడ్డా."

మీరు కోదాడ నుంచి నల్లమలకు బయల్దేరినా, సూర్యాపేట నుంచి సిడ్నీ విమానం ఎక్కినా, వెళ్తున్నది ఎవరింటికో పేరు తెలుసుకుని వెళ్లండి. కళ్లకు గడప కనిపించకపోవచ్చు. ఉందనుకుని ఆగండి. పిలవండి. రమ్మన్నాకే అడుగు వేయండి.